దేనికని అడిగి చేసిన కత్తి

బస్సులో టిక్కెట్టు అడగాలంటే నాకు గొంతు పెగలదు. కండక్టరు రెండుసార్లు అడిగాక, పక్కన కూర్చున్నావిడ జాలిపడి "రావులపాలెం అంటోందండి" అని నా తరఫున చెబుతుంది. అలాంటి నేను రోజూ పొద్దున్నే సమ్మెట ఎత్తి, ఎర్రగా కాలిన ఇనుమును చితక్కొడతాను. మా అమ్మ చుట్టాలతో అంటుంది, "దీనికి నోట్లో మాట లేదు గానీ చేతిలో పిడుగుందండి" అని. గొప్పగా అంటుందో బాధగా అంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

మాది కమ్మరి కొలిమి. రావులపాలేనికి కాస్త ఇవతల, కాలవగట్టు రోడ్డు పక్కన రేకుల షెడ్డు. అందులో కొలిమి, దాగలి, నీళ్ళ తొట్టి. వెనక ఒక అరటి గుబురు. చుట్టుపక్కల తోటల వాళ్ళకి గెలలు కోసే కత్తులు, బొండాల బండ్ల వాళ్ళకి బొండాల కత్తులు, పారలు, పలుగులు చేసిస్తాం. పాత లారీల కమానుపట్టీలే మాకు ఇనుము. ఇదివరకు తోలుతిత్తి ఉండేది, ఇప్పుడు కరెంటు బ్లోయరు. మిగతాదంతా తాతల నాటిదే.

పని ఇలా ఉంటుంది. నాన్న పట్టుకారుతో కాలిన ఇనుమును దాగలి మీద పెట్టి, కుడిచేత్తో చిన్న సుత్తి పట్టుకుంటాడు. ఆ సుత్తితో ఎక్కడ తడితే అక్కడ నేను సమ్మెట వెయ్యాలి. ఆయన మెల్లగా తడితే నేను మెల్లగా, ఆయన విసిరితే నేను విసిరి. ఇనుమును వదిలేసి ఉత్త దాగలి మీద టింగుమని తడితే ఆపెయ్యమని. మధ్యలో మాటలుండవు. టింగ్, ధన్. టింగ్, ధన్. మనుషులతో మాట్లాడటం చేతకాని నాకు, రోజంతా ఒక మనిషితో ఒక్క మాట తప్పిపోకుండా మాట్లాడగలిగిన చోటు ఈ భూమ్మీద అదొక్కటే.

నాకు ముందు సమ్మెట అమ్మ చేతిలో ఉండేది. భుజం ఎముక అరిగిపోయిందనీ, ఇక బరువు ఎత్తకూడదనీ డాక్టరు చెప్పాడు. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నాను. మనిషిని పెట్టుకుందామంటే ఎవరూ రావడంలేదు. ఒకరోజు కాలేజీ నుంచి వచ్చి, పుస్తకాల సంచీ షెడ్డులో మేకుకి తగిలించి, సమ్మెట ఎత్తాను. మొదటి దెబ్బ ఇనుము మీద కాదు, దాగలి అంచు మీద పడింది. సమ్మెట ఎగిరి దాని కర్ర నా మూతికి తగిలింది. పై పెదవి చీలి రక్తం చున్నీ మీద కారింది. అమ్మ అరిచింది. నాన్న మాత్రం ఇనుమును మళ్ళీ కొలిమిలో పెట్టి, అది ఎర్రబడేదాకా చూసి, దాగలి మీద పెట్టి, చిన్న సుత్తితో తట్టాడు. టింగ్. నేను నోట్లో రక్తం మింగి కొట్టాను. ఈసారి తగిలింది. కాలిన ఇనుము కింద నుంచి నిప్పురవ్వలు పేలి నా మోచేతుల దాకా వచ్చాయి. పెదవి మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పెళ్ళిచూపుల ఫొటోలో దాన్ని పౌడరుతో కప్పారు.

కొట్టడం నాకు ఇష్టమని అప్పుడే తెలిసింది. ఈ ముక్క నేను డైరీలో తప్ప ఎక్కడా రాయలేదు, ఎవరికీ చెప్పలేదు. బుద్ధిగా ఉండే ఆడపిల్ల అని అందరూ మెచ్చుకునే నా లోపల ఇంత కసి ఉందని ఎవరనుకుంటారు? పెద్దాపురంలో ఒక ఫంక్షనులో మా దూరపు పెద్దమ్మ నా చేతులు తిప్పి చూసి, అందరూ వినేలా "ఇవి ఆడపిల్ల చేతులా, లారీ టైర్లా" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. మర్నాడు పొద్దున ఒక పలుగు చెయ్యాలి. ఆ పలుగు మీద నేను వేసిన దెబ్బలకి నాన్న రెండుసార్లు ఉత్త దాగలి తట్టాల్సొచ్చింది. నాకు వినపడలేదు. ఆగాక చూస్తే, పలుగు మొన ఉండాల్సిన దానికన్నా పల్చగా సాగిపోయింది. "ఎవర్ని కొడతన్నావే?" అన్నాడు నాన్న. నేను నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయాను.

దాగలికి పైన గోడకి ఒక చెక్క బల్ల ఉంది. దాని మీద ఒకవైపు పిడుల చెక్కలు, ఒకవైపు లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలు. ఇనుము కాలేలోపు రెండు పేజీలు చదవొచ్చు. ప్రతి పుస్తకంలోనూ పేజీ మూలల్లో నా బొటనవేలు నల్లగా దిగి ఉంటుంది. లైబ్రరీ ఆయన ఏమీ అనడు. ఒకసారి మాత్రం, "ఊళ్ళో ఏ పుస్తకాలు ఎవరూ చదవట్లేదో నాకు నీవల్లే తెలుస్తోందమ్మా, మచ్చలు లేనివన్నీ అవే" అన్నాడు.

ఈ పనిలో డబ్బు లేదు. బజార్లో ఫ్యాక్టరీ కత్తులు మాకన్నా చవగ్గా దొరుకుతాయి. మా మేనత్త రాజమండ్రిలో ఒక చీరల షోరూములో నాకు బిల్లింగు కౌంటరు ఉద్యోగం మాట్లాడింది. ఏసీ గది, యూనిఫారం చీర. "చదువుకున్న పిల్లవి, బొగ్గుల్లో ఏం చేస్తావే? నాలుగు రోజులు నీడపట్టున ఉంటే నీ రంగు నీకొస్తుంది" అంది. నేను అవుననలేదు, కాదనలేదు. నాకు అలవాటైన జవాబు అదే.

మా నాన్నకొక అలవాటుంది. అది వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఏ కత్తి చెయ్యమని ఎవరొచ్చినా, ఇనుము కొలిమిలో పెట్టేముందు "దేనికండీ?" అని అడుగుతాడు. వచ్చినవాళ్ళు చెప్పాలి. గెలలకనో, బొండాలకనో, దుంపలు కోయడానికనో. చెప్పకపోతే చెయ్యడు. చేశాక కత్తిని చేతికివ్వడు. దాగలి మీద పెడతాడు. వాళ్ళే తీసుకోవాలి. తీసుకున్నాక మొదటి కోత మా ఇంట్లోనే పడాలి. షెడ్డు వెనక అరటి గుబురు ఉన్నది అందుకే. గెల దింపేసిన బోదెలు ఎలాగూ నరకాల్సినవే, వాటిలో ఒకదాన్ని కొట్టి చూపించాలి. ఒక్క వేటుకి తెగితే పని అయినట్టు. తెగకపోతే కత్తి మళ్ళీ కొలిమిలోకి. చిన్నప్పుడు, కత్తికి వినిపించడానికే అడుగుతాడేమో అనుకునేదాన్ని.

ఆ రోడ్డు మీద రోజూ సైకిళ్ళ మీద గెలలు పోతుంటాయి. సైకిలుకి రెండువైపులా కర్పూర గెలలు వేలాడదీసుకుని, నడిపించుకుంటూ బజారుకి తోలుకుపోతారు. నేను పళ్ళను చూడను. గెల కాడ తెగిన చోటు చూస్తాను. మా కత్తితో కోసిన కాడ ఏటవాలుగా, అద్దంలా నున్నగా ఉంటుంది. చవక కత్తిదైతే పీచులు లేచి కొరికినట్టుంటుంది. నున్నటి కోత ఒకటి రోడ్డు మీద పోతుంటే ఆ రోజు నాకు అన్నం ఎక్కువ పోతుంది.

మా షెడ్డుకి ఎదురుగా, కాలవ అవతల, అన్నదమ్ములిద్దరి అరటి తోటలు పక్కపక్కనే ఉన్నాయి. కిందటి వేసవిలో తమ్ముడు వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నవ్వుమొహం మనిషి.

"దేనికండీ?" అన్నాడు నాన్న.

"ఆయ్, గెలలకేనండి ఆచారిగారూ. మాకేం, కోటలున్నాయా, యుద్ధాలున్నాయా?"

కమానుపట్టీ కాలింది. నాన్న తట్టాడు, నేను కొట్టాను. మంచి ఇనుము, చెప్పినట్టు విన్నది. సాయంత్రానికి కత్తి దాగలి మీదకొచ్చింది. అతను తీసుకుని వెనక్కి వెళ్ళి బోదెను ఒక్క వేటు వేశాడు. తడిగుడ్డ చింపినట్టు చప్పుడైంది. బోదె పైభాగం ఒక్క క్షణం అలాగే నిలబడి, తర్వాత జారి పడింది. అతను నావైపు చూసి "దెబ్బ మీదేనా అమ్మా? బాగుంది" అన్నాడు. నేను తల దించుకున్నాను గానీ ఆ మాట డైరీలో రాసుకున్నాను. ఆ తర్వాత అతని గెలలు రోడ్డు మీద పోతుంటే ప్రతి కాడనీ చూసేదాన్ని. అన్నీ నున్నగా ఉండేవి.

వానలు మొదలయ్యాక అన్నదమ్ముల మధ్య గొడవ మొదలైంది. రెండు తోటల మధ్య గట్టు మీదుగా గెలలు బయటికి తేవాలి. గట్టు నాదంటే నాదని. మాకు కాలవ ఇవతలికి అరుపులు వినపడేవి. నాన్న వాటిని పట్టించుకునేవాడు కాదు. తోటలున్న చోట గట్టు తగాదాలు మామూలే అనేవాడు.

ఆ రోజు మధ్యాహ్నం నేను సమ్మెట దించి పుస్తకం తీశాను. నాన్న ఒక పార రేకు కొలిమిలో పెట్టాడు. ముందు అరుపులు తోటలోంచి వచ్చాయి. తర్వాత తూము మీదకి వచ్చాయి. కాలవ దాటే ఆ తూము మా షెడ్డుకి ఎదురుగానే ఉంటుంది. అన్న గెల ఒకటి భుజాన వేసుకుని ఇటు దాటుతున్నాడు. తమ్ముడు గెలలు కోసే కత్తితో వెనకాలే వస్తున్నాడు.

"నా గట్టు మీంచి తెచ్చిన గెల అక్కడ దించు."

"నీ గట్టేంట్రా? నాన్న రాసిచ్చాడా నీకు?"

"దించమంటన్నాను."

"దించను. ఏం చేస్తావ్? నరుకుతావా?"

ఆ మాట అనకపోతే ఏమయ్యేదో తెలియదు. తమ్ముడు చెయ్యెత్తాడు. అన్న గెల వదిలేసి ముంజేయి అడ్డం పెట్టాడు. నాకు ముందు కనిపించింది కాదు, వినిపించింది. తడిగుడ్డ చింపిన చప్పుడు. మా పెరట్లో నేను విన్న చప్పుడే. అన్న మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. రక్తం చిమ్మి గెల మీద పడింది, పచ్చటి కాయల మీద. అతను అరవలేదు. తన చేతిని తనే వింతగా చూస్తున్నాడు. ముంజేయి చీలి లోపల తెల్లగా ఏదో కనపడుతోంది.

నేను పరిగెత్తాను. ఎలా పరిగెత్తానో తెలియదు. చున్నీ లాగి మోచేతి పైన బిగించి కట్టాను. నా చేతులకున్న బలం అంతా పెట్టి బిగించాను. అతను అప్పుడు అరిచాడు. రోడ్డు మీద పోయే ఆటో ఆగింది. ఇద్దరు ముగ్గురు కలిసి ఎక్కించారు. అతని భార్య గట్టు మీంచి జుట్టు విరబోసుకుని పరిగెత్తుకుంటూ వచ్చి, ఎక్కుతూ ఎక్కుతూ మరిది వైపు ఉమ్మింది. ఆటో వెళ్ళిపోయింది.

తమ్ముడు ఇంకా అక్కడే ఉన్నాడు. పారిపోతాడనుకున్నాను. మా షెడ్డు వైపు నడిచి వచ్చాడు. రోడ్డు మీద జనం పక్కకి తప్పుకున్నారు. నాన్న పట్టుకారుతో కాలిన పార రేకు పట్టుకుని ఉన్నాడు. దాన్ని దించలేదు, ఎత్తలేదు. అతను నేరుగా దాగలి దగ్గరికి వచ్చి, రక్తం కారుతున్న కత్తిని మెల్లగా దాగలి మీద పెట్టాడు. నాన్న చేసినవి పెట్టినట్టే, పిడి ఇటువైపు ఉండేలా.

"తీసేసుకోండి ఆచారిగారూ" అన్నాడు.

అని మా షెడ్డు ముందు మొద్దు మీద కూర్చున్నాడు. పోలీసులు వచ్చేదాకా కదల్లేదు. ఎస్సై కత్తిని గుడ్డలో చుట్టించి, "మీరు చేసిందేనా?" అని అడిగాడు. నాన్న "మేమే చేశామండి" అన్నాడు. వాళ్ళు అతన్ని తీసుకెళ్ళాక నాన్న తొట్టిలోంచి బకెట్టుతో నీళ్ళు ముంచి కొలిమిలో పోశాడు. నేను పుట్టాక కొలిమిని నీళ్ళతో ఆర్పడం చూడలేదు. నిప్పు దానంతటదే ఆరాలి. నల్లటి ఆవిరి లేచి పైరేకులు తాకింది. బొగ్గులు పామల్లే బుసకొట్టాయి.

"అడిగాను. చెప్పాడు" అన్నాడు. "అడిగి ఏం ఒరిగింది? ఇంక ఈ చేత్తో కత్తి చెయ్యను. నువ్వు రాజమండ్రి వెళ్ళు."

అలా కొలిమి ఆరిపోయింది. దాగలి మీద రక్తపు మరకను అమ్మ చింతపండుతో తోమింది. నాన్న మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఎవరైనా పార కాల్పించుకోవడానికి వచ్చినా అమ్మ చేత లేదనిపించేవాడు. మేనత్త ఫోన్ చేసి, షోరూము వాళ్ళు వచ్చే సోమవారం రమ్మంటున్నారని చెప్పింది. అమ్మ ఊఁ అంది.

నాకు చేతులు ఊరుకునేవి కావు. పొద్దున్నే లేచి ఏం కొట్టాలో తెలియక, బట్టలు తీసుకుని రాయి మీద కొట్టేదాన్ని. నాన్న లుంగీ ఒకటి చిరిగిపోయింది. చపాతీ పిండి పిసుకుతుంటే పీట విరిగింది. "ఎవరి మీదే ఈ కక్ష?" అంది అమ్మ. నాకు తెలియలేదు. తమ్ముడి మీదా, గట్టు మీదా, లేక ఆ కత్తి మీద అన్ని దెబ్బలు అంత ఇష్టంగా వేసిన నామీదా? డైరీలో పేజీలు నింపాను. తేలింది ఒక్కటే. ఆ కొలిమి మళ్ళీ వెలగకపోతే, ఏసీ గదిలో మంచి చీర కట్టుకుని, ఎవరూ వినని గొంతుతో "బ్యాగు కావాలా అండి" అని అడుగుతూ, లోపల ఈ కసిని మోస్తూ నేను ముసలిదాన్ని అయిపోతాను. కొడుతున్నప్పుడు నా కసి పారైంది, పలుగైంది. దానికి వేరే చోటు లేదు. ఇది నాన్నకి చెప్పాలి. కానీ చెప్పాలంటే నోరు తెరవాలి.

ఆదివారం పొద్దున అన్న భార్య వచ్చింది. మనిషి నల్లగా, పొడుగ్గా ఉంటుంది. కళ్ళ కింద గుంటలు పడ్డాయి. నాన్న షెడ్డులో మొద్దు మీద కూర్చుని ఉన్నాడు. ఆమె దాగలి దగ్గర నిలబడి మాట్లాడింది.

"బాబాయిగారూ, నాకో కత్తి కావాలండి."

నాన్న తల ఎత్తలేదు. "మానేశానమ్మా."

"గెలలు ముదిరిపోయాయి. ఆయన చెయ్యి మూడు నెలలు కదపకూడదన్నారు. మనుషుల్ని పిలిస్తే అన్నదమ్ముల గొడవకి భయపడి ఎవరూ రావట్లేదు. నేనే కోసుకోవాలి. ఆయన కత్తి నాకు బరువు. నా చేతికి సరిపడేది చెయ్యండి."

"వేరే చోట చేయించుకో అమ్మా."

"దేనికని అడగరేంటండీ?"

నాన్న ఇప్పుడు తలెత్తాడు. "అతన్నీ అడిగాను. గెలలకన్నాడు."

"అతను చెబితే నమ్మారు. నేను చెబితే నమ్మరా?"

నాన్న లేచి ఇంట్లోకి వెళ్ళిపోయాడు. ఆమె దాగలి మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. ఆమె దవడ కదులుతోంది. పళ్ళు నూరుకుంటోంది. ఆ దవడ నాకు తెలుసు. అద్దంలో చూశాను.

నేను బొగ్గులు పోశాను. తడిసిన బూడిద గోకి తీసి, పుల్లలు పేర్చి, అంటించి, బ్లోయరు స్విచ్చి వేశాను. అది గర్రుమంది. ఆమె నావైపు చూసింది.

"నీకొచ్చా అమ్మా?"

నాకు రాదు. నాకు కొట్టడం వచ్చు. పట్టుకారు పట్టి, ఇనుము రంగు చూసి, ఎక్కడ తట్టాలో తెలిసిన మనిషి ఇంట్లో గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇన్నేళ్ళూ నేను సుత్తి చెప్పిన చోటే చూశాను, నిప్పు వైపు చూడలేదు. అయినా కమానుపట్టీ ముక్క ఒకటి కొలిమిలో పెట్టి, సమ్మెట తెచ్చి ఆమె చేతికిచ్చాను.

"నేను తట్టిన చోట కొట్టండక్కా" అన్నాను. కొత్త మనిషితో నేను మాట్లాడిన పెద్ద మాట అది.

ఇనుము ఎర్రబడింది. తీసి దాగలి మీద పెట్టాను. తట్టాను. ఆమె సమ్మెట ఎత్తి వేసింది. దాగలి అంచు మీద పడి రవ్వలు లేచాయి, సమ్మెట పక్కకి దూకింది. నేను తల వెనక్కి తీసుకోకపోతే నా పెదవికి రెండో మచ్చ పడేది. మళ్ళీ తట్టాను. ఈసారి తగిలింది. తగిలాక ఆమె ఇంక ఆగలేదు. కొంగు బొడ్లో దోపుకుని, గొంతులోంచి ప్రతి దెబ్బకీ ఒక మూలుగు వస్తుంటే కొట్టింది. మధ్యలో "ముండాకొడకా" అంది. "తోడబుట్టినోణ్ణి" అంది. నేను తడుతూనే ఉన్నాను. ఇక్కడ, ఇక్కడ, ఇటు. ఇనుము వంకరపోయింది, నేను తిప్పాను, మళ్ళీ వంకరపోయింది. చెమట కళ్ళలోకి కారి మంట. ఒకసారి ఉత్త దాగలి తట్టాను, ఆమె ఆగలేదు. నాకు నవ్వొచ్చింది. నాన్న ఎన్నిసార్లు ఇలా ఓర్చుకున్నాడో అనిపించింది. ఇంకా గట్టిగా తట్టాను. అప్పుడు ఆగింది. సమ్మెట కింద ఆనించి, ఆయాసపడుతూ, తన చేతుల్ని చూసుకుంది. అరచేతిలో బొబ్బ పగిలింది.

"ఇంకోసారి కాల్చు" అంది.

కాల్చాం, కొట్టాం. ఎన్నిసార్లో లెక్కపెట్టలేదు. చివరికి కత్తి ఆకారం వచ్చింది. అందంగా లేదు. వీపు మందంగా, మొన దగ్గర కాస్త మెలిక. ఆకురాయితో అంచు తీశాను. ఇక మిగిలింది ఆఖరిసారి కాల్చి నీళ్ళలో ముంచడం. సరైన రంగులో ముంచితే అంచు నిలుస్తుంది. ముందు ముంచితే మెత్తగా ఉంటుంది, ఆలస్యమైతే పెళుసెక్కి మొదటి వేటుకే విరుగుతుంది. పట్టుకారుతో కత్తిని నిప్పుల్లో పెట్టి నిలబడ్డాను. నల్లగా ఉంది, ముదురెరుపయింది. ఎరుపు లేతబడుతోంది. ఇదా? ఇంకా ఉందా?

"ఇప్పుడు" అంది వెనక నుంచి నాన్న గొంతు.

ముంచాను. తొట్టి అరిచింది. ఆవిరి మొహాన కొట్టింది. అది తగ్గాక వెనక్కి తిరిగి చూశాను. నాన్న గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి ఉన్నాడో. దగ్గరికి వచ్చి కత్తిని తిప్పి చూశాడు. మెలిక మీద వేలు పెట్టి మూతి విరిచాడు. పిడి తనే బిగించాడు. కత్తిని దాగలి మీద పెట్టాడు. అమ్మ తోమినా ఆ చోట ఇంకా కాస్త మరక ఉంది. దాని మీదే పెట్టాడు.

"దేనికమ్మా?" అన్నాడు.

ఆమె వెంటనే చెప్పలేదు. కత్తి వైపు చూస్తూ నిలబడింది. చాలాసేపే నిలబడింది. ఆమెకి మరిది మొహం కనపడుతోందని నాకు తెలుసు. నాన్నకీ తెలుసు. అందుకే తొందరపెట్టలేదు. ఆమె చివరికి పెద్దగా ఊపిరి వదిలి, "గెలలకేనండి" అంది. కొట్టీ కొట్టీ గొంతు బొంగురుపోయింది.

బోదె ఒక్క వేటుకి తెగలేదు. రెండు పట్టింది. అలవాటు ప్రకారం కత్తి మళ్ళీ కొలిమిలోకి వెళ్ళాలి. నాన్న తెగిన బోదెను చూసి, "కత్తిది కాదు, చేతిది. నాలుగు గెలలు కోస్తే కుదురుతుంది" అన్నాడు. ఆమె డబ్బు తియ్యబోతే, గెలలు అమ్మాక చూద్దామన్నాడు.

ఆమె వెళ్ళాక నాన్నా నేనూ దాగలికి చెరోవైపు కూర్చున్నాం. కొలిమి ఇంకా వెలుగుతోంది.

"అతను అబద్ధం చెప్పలేదు నాన్నా" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "నేను రోజూ చూశాను. గెలలే కోశాడు."

"మరి చెయ్యి?"

"అదీ కోశాడు."

"అయితే అడగడం దేనికే?"

"ఆవిడ ఎంతసేపు ఆలోచించిందో చూశావుగా. అడిగేది ఆ కాసేపు కోసమే."

నాన్న పట్టుకారుతో బొగ్గులు సర్దాడు. ఆయన ఒప్పుకున్నాడని అనుకోను. ఆ తమ్ముడి మొహం ఆయనకి జీవితాంతం ఉంటుంది. కాసేపటికి మళ్ళీ అన్నాడు. "రేపు సోమవారం. ఇందులో ఏముందే నీకు? ఆ జీతం వదులుకుని ఇది దేనికి?"

చదివిన పుస్తకాల్లోంచి మంచి మాటలు చాలా గుర్తొచ్చాయి. ఏవీ పనికిరాలేదు.

"కొడుతుంటే బాగుంటుంది నాన్నా" అన్నాను.

నాన్న నావైపు చూశాడు. ఆ గొడవ తర్వాత మొదటిసారి మూతి కాస్త నవ్వింది. "మీ అమ్మా అదే అనేది" అన్నాడు. మేనత్తకి ఫోన్ నేనే చేశాను. తిట్టింది. ఫోన్ చెవికి దూరంగా పెట్టుకుని, అంతా అయ్యేదాకా విని, "ఇక్కడ పనుందత్తా" అని చెప్పి పెట్టేశాను.

ఇప్పుడు నాన్న వారానికొకసారి పట్టుకారు నా చేతికిచ్చి రంగు చూడమంటాడు. సగంసార్లు తప్పు చెబుతాను. కేసు కోర్టులో నడుస్తోంది. కాలవ అవతల రెండు తోటల మధ్య గట్టు మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది, దాని మీద ఎవరూ నడవట్లేదు. ఆమె గెలల్ని అవతలి చుట్టుదారిలో తెస్తుంది.

కత్తి తీసుకెళ్ళిన వారం, ఆమె సైకిలుకి గెలలు కట్టుకుని తోసుకుంటూ మా షెడ్డు ముందు నుంచి వెళ్ళింది. ఆగలేదు, బెల్లు ఒకసారి కొట్టింది. నేను సమ్మెట చేత్తోనే రోడ్డు దాకా వెళ్ళి కాడలు చూశాను. ముందువైపు గెలల కాడలు రెండు మూడు వేట్లు పడి, మెట్లు మెట్లుగా, పీచులు లేచి ఉన్నాయి. వెనకవైపువి రెండు వేట్లు. ఆఖరున కట్టిన గెల ఒక్కటి, ఏటవాలుగా, నున్నగా, తెగిన చోట పాలు ఇంకా కారుతూ ఉంది.

వెనక నుంచి నాన్న ఉత్త దాగలి మీద తడుతున్నాడు. చూసింది చాలట, ఇనుము కాలిందట.